కర్తరికి ముందే మిద్దెకు సున్నం: చెన్నైలో పై అంతస్తు ఇంటిని చల్లబరచడం ఎలా

పై అంతస్తులో కాపురం ఉన్నవాళ్లకు చెన్నై ఎండ రెండుసార్లు తగులుతుంది. పగలు వీధిలో ఒకసారి, రాత్రి భోజనాలయ్యాక నెత్తిమీది శ్లాబులోంచి ఇంకోసారి. అయిదంగుళాల కాంక్రీటు పగలంతా ఎండను మింగి, పొద్దుగూకాక ఆ వేడిని మెల్లగా గదిలోకి వదులుతుంది. బయట సముద్రపు గాలి వీస్తున్నా రాత్రి తొమ్మిదింటికి సీలింగు ఫ్యాను వేడిగాలే కొట్టడానికి కారణం ఇదే. ఏసీ వేస్తే అది గదిలోని వేడికి తన కరెంటు వేడి కూడా కలిపి సందులోకి, అంటే పక్కింటి కిటికీ వైపుకి తోస్తుంది. మిద్దెకు తెల్లపూత వేస్తే చాలా వేడి అసలు లోపలికే రాదు. వచ్చిన వెలుతురు వచ్చిన దారినే ఆకాశంలోకి పోతుంది.

లెక్క చూడండి. నడిమధ్యాహ్నం చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. పాతబడి మాసిన కాంక్రీటు అందులో పావు వంతే తిప్పికొడుతుంది. కొత్త సున్నం పూత ముప్పావు వంతు దాకా తిప్పికొడుతుంది. 600 చదరపు అడుగుల మిద్దె అంటే 56 చదరపు మీటర్లు. ఆ కాస్త జాగాలోనే పాతిక కిలోవాట్లకు పైగా వేడి తేడా వస్తుంది. చలిదేశాల్లో తెల్ల కప్పు వేస్తే శీతాకాలంలో ఇల్లు మరీ చల్లబడుతుందని ఒక అభ్యంతరం ఉంది. చెన్నైలో ఆ బెంగ అక్కర్లేదు.

కర్తరి అంటే ఎండలు బాగా ముదిరే రోజులు. పంచాంగం ప్రకారం దాని మొదటి భాగమైన డొల్లు కర్తరి మే 4 ప్రాంతంలో వస్తుంది, ఆ తర్వాతి నిజ కర్తరి 28 దాకా ఉంటుంది. తమిళులు దీన్నే కత్తిరి అనీ, అగ్ని నక్షత్రం అనీ అంటారు. కర్తరి దాటితే గండం గడిచినట్టని నమ్మకండి. చెన్నైలోని నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో 45 డిగ్రీలు నమోదైంది 2003 మే 31న, అంటే కర్తరి వెళ్లిపోయాక. పని మాత్రం ఫిబ్రవరి, మార్చిలోనే పూర్తి చేయాలి. అప్పటికి ఈశాన్య రుతుపవనాల తడి శ్లాబులోంచి ఆరిపోయి ఉంటుంది, ఎండ కూడా ఇంకా ముదిరి ఉండదు.

ముందు మిద్దెను చూడండి

అద్దె ఇల్లయితే ఓనరును, అపార్టుమెంటయితే అసోసియేషన్‌ను అడిగి మొదలుపెట్టండి. పైన ఏముందో దాన్నిబట్టి పూత మారుతుంది.

వట్టి కాంక్రీటు లేదా సిమెంటు పూత ఉన్న మిద్దెకు సున్నం బాగా పడుతుంది. చెన్నైలో చాలా పాత మిద్దెల మీద ఇటుక జల్లి, సున్నం కలిపి దిమ్మిస వేసి, పైన ఎర్రటి పలక పెంకులు పరిచి ఉంటాయి. పెంకులు గరుకుగా ఉంటే వాటికీ సున్నం పడుతుంది. నున్నగా మెరుస్తుంటే మాత్రం ఒక్క వానకే పొరలు పొరలుగా లేచిపోతుంది. అలాంటి చోట కప్పుల కోసమే తయారైన, రబ్బరులా సాగే తెల్ల ఎలాస్టొమెరిక్ పూత వేయించండి. కొనేటప్పుడు ఎస్‌ఆర్‌ఐ ఎంతని అడగండి. ఎండను ఎంత తిప్పికొడుతుందో, పీల్చిన వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందో రెండూ కలిపి చెప్పే అంకె అది. 100కు పైన ఉంటే మంచిది. గోడలకు వేసే తెల్ల పెయింటు మిగిలింది కదా అని మిద్దెకు పూయకండి. నీళ్లు నిలిచిన చోటల్లా అది ఉబ్బి ఊడుతుంది.

ఎలాస్టొమెరిక్ పూతకు శ్లాబు పొడిగా ఉండి తీరాలి. రెండడుగుల ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగు అంచులూ టేపుతో అతికించి, ఒక రాత్రంతా వదిలేయండి. పొద్దున షీటు అడుగున చెమటలా నీటి చుక్కలు కనిపిస్తే ఇంకో వారం ఆగాలి. లోపలి తడి ఎండకు ఆవిరై పూతను బుడగల్లా లేపేస్తుంది. డబ్బా మీద లీటరుకు ఎన్ని చదరపు అడుగులని రాసి ఉంటే అంతకే వాడండి. నీళ్లు కలిపి సాగదీస్తే మొదటి ఏడే పగుళ్లిస్తుంది.

ఆస్బెస్టాస్ రేకుల ఇల్లయితే రేకు మీద అడుగు పెట్టకండి, విరుగుతుంది. ఆ రేకును పొడిగా గీకకూడదు, ఇనుప కుంచెతో తోమకూడదు. దాని నార గాల్లో కలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. నీళ్లతో తడిపి, నిచ్చెన మీద నుంచి పొడుగు కర్రకు కట్టిన మెత్తటి కుంచెతో పూయాలి. మెరిసే లోహపు రేకు చల్లగా ఉంటుందన్నది అపోహ. అది వెలుతురును తిప్పికొట్టినా, పీల్చిన కొద్దిపాటి వేడిని త్వరగా వదలదు. దానికీ తెల్లపూత కావాలి.

మిద్దె కారుతుంటే ముందు ఆ సంగతి చూసుకోండి. సున్నం ఎండను ఆపుతుంది కానీ వానను ఆపదు.

600 చదరపు అడుగులకు, మూడు పూతలకు ఏమేం కావాలి

కాల్చిన గుల్ల సున్నం 20 కిలోలు, తెల్ల సిమెంటు 10 కిలోలు, సిమెంటులో కలిపే ఆక్రిలిక్ లేదా ఎస్‌బీఆర్ (కృత్రిమ రబ్బరు) ద్రావణం ఒక లీటరు. సున్నం నానబెట్టడానికి 200 లీటర్ల ఇనుప డ్రమ్ము, వడకట్టడానికి పల్చటి పాత పంచె, పొడుగు కర్ర, వెడల్పాటి కుంచెలు రెండు, కొబ్బరి ఈనెల చీపురు, రబ్బరు తొడుగులు, మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, కంటికి ప్లాస్టిక్ అద్దాలు. ఈ చివరిదాన్ని ఎవరూ కొనరు, కొనాల్సింది మొదట అదే.

చెన్నై దుకాణాల్లో గుల్ల సున్నాన్ని ‘కిళింజల్ సుణ్ణాంబు’ అని అడగండి. సముద్రపు గుల్లలు కాల్చి చేసిన ఈ సున్నం రాతి సున్నం కన్నా తెల్లగా ఉంటుంది. కొనే ముందు ఒక గడ్డను నీళ్లలో వేసి చూడండి. బుసలు కొడుతూ పగిలితే మంచి సరుకు. చప్పుడు లేకుండా మునిగిపోతే అది గోదాములో గాలి పీల్చుకుని ఎప్పుడో చచ్చిపోయిన సున్నం. ఎంత పూసినా చాక్‌పీసు పొడిలా చేతికి అంటుతుంది. సంచిలో వచ్చే నీరు చల్లిన సున్నప్పొడి కూడా వాడొచ్చు. కుట్టు విప్పని కొత్త సంచి కావాలి, అంతే.

ఉప్పు కలిపితే సున్నం బాగా అంటుకుంటుందని పాతకాలపు మాట ఒకటుంది. మట్టి గోడకైతే కలుపుకోవచ్చు. శ్లాబులో ఇనుప చువ్వలుంటాయి. ఉప్పు లోపలికి దిగితే చువ్వలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, సీలింగు పెచ్చులూడుతుంది. సముద్రం దగ్గరి పేటల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి సున్నం కలపడానికి వాటిని కూడా వాడకండి. గంజి కలిపితే అక్టోబరు వానలకు నల్లటి బూజు పడుతుంది.

సున్నం నానబెట్టడం

డ్రమ్ములో ముందు 60 లీటర్ల నీళ్లు పోయండి. అద్దాలు, తొడుగులు వేసుకుని సున్నం గడ్డలను కొద్దికొద్దిగా నీళ్లలోకి జారవిడవండి. నీళ్లలో సున్నం వేయాలి గానీ సున్నం మీద నీళ్లు పోయకూడదు. పోస్తే మరిగిన సున్నం మొహం మీదికి చిమ్ముతుంది. డ్రమ్ము కుతకుతలాడుతుంది, ఆవిరి లేస్తుంది, అది మామూలే. పల్చటి ప్లాస్టిక్ బకెట్టయితే ఆ వేడికి మెత్తబడి సొట్టపోతుంది. పిల్లల్ని, కుక్కపిల్లల్ని మిద్దె మీదికి రానివ్వకండి.

కంట్లో సున్నం పడితే ఒక్క క్షణం ఆగకుండా, రెప్ప తెరిచి పట్టుకుని, పారే నీళ్లతో కనీసం ఇరవై నిమిషాలు కడిగి, ఆ తర్వాత నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. కంటి విషయంలో నలపడం, చిట్కాలు ఏవీ వద్దు.

కర్రతో కలియబెట్టి, మూతపెట్టి, 24 గంటలు వదిలేయండి. మర్నాడు ఇంకో 40 లీటర్ల నీళ్లు కలిపి పంచెలో వడకట్టండి. మిగిలిన పలుకులు పూతలోకి రాకూడదు. నానని పలుకు తర్వాత ఎప్పుడో తేమ తగిలి ఉబ్బి, పూతను పొక్కులా లేపుతుంది.

మిద్దె కడగడం

సున్నం నానుతున్న రోజే ఈ పని చేసుకోండి. చాలామంది ఎగ్గొట్టేది దీన్నే. పూత ఊడిందంటే పదింట తొమ్మిదిసార్లు తప్పు కడగడంలోనే ఉంటుంది.

ముందుగా వాననీటి గొట్టాల మూతులకు గుడ్డ కుక్కండి. తమిళనాడులో 2003 నుంచి ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి. మీ మిద్దె గొట్టం ఏ బావిలోకో, సంపులోకో వెళ్తూ ఉంటుంది. సున్నపు నీళ్లు అందులోకి దిగకూడదు.

పొడి చీపురుతో ఊడ్చి, నల్లటి నాచు ఉన్న చోట బ్లీచింగ్ పొడి నీళ్లు చల్లి అరగంట ఆగి, గట్టి కుంచెతో తోమి, మంచి నీళ్లతో బాగా కడిగేయండి. లేచిన పాత పూతను గీకేయండి. వెంట్రుకవాసి కన్నా పెద్ద పగుళ్లుంటే ఆక్రిలిక్ ద్రావణం కలిపిన సిమెంటుతో పూడ్చి రెండు రోజులు ఆరనివ్వండి. నీళ్లు నిలిచే పల్లం ఉంటే దాన్నీ ఎత్తు చేయండి. నిలిచిన నీళ్ల కింద ఏ పూతా నిలవదు.

పూయడం

సాయంత్రం అయిదు దాటాక మొదలుపెట్టండి. పొద్దున్నే చేస్తే ఎనిమిదింటికి ఆపేయాలి. వేడి శ్లాబు మీద సున్నం క్షణంలో ఎండిపోతుంది, ఎండితే గట్టిపడదు. సున్నం గట్టిపడటమంటే ఆరడం కాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని మళ్లీ సున్నపురాయిగా మారడం. ఆ పని జరగడానికి తేమ కావాలి. బట్టీలో కాలుస్తున్నప్పుడు గుల్ల వదిలిన బొగ్గుపులుసు వాయువులో చాలా వంతు ఇలా మీ మిద్దె మీద తిరిగి చేరుతుంది. 20 కిలోల సున్నానికి అది పూర్తిగా జరిగితే సుమారు 16 కిలోల వాయువు. బట్టీకి కాల్చిన బొగ్గు పొగ మాత్రం తిరిగి రాదు లెండి.

ఒక బకెట్టులో 10 లీటర్ల సున్నపు పాలు, కిలో తెల్ల సిమెంటు, 100 మిల్లీలీటర్ల ద్రావణం కలపండి. గంటలో అయిపోయేంతే కలుపుకోవాలి. సిమెంటు బిగుసుకోవడం మొదలయ్యాక నీళ్లు పోసి వదులు చేస్తే పూత బలం పోతుంది. చిక్కదనం ఆవుపాలలా ఉండాలి, దోసెల పిండిలా కాదు.

శ్లాబు మీద నీళ్లు చిలకరించి, పైన తడి మెరుపు పోయేదాకా ఆగి, తలుపుకు ఎదురు మూల నుంచి వెనక్కి నడుస్తూ పూయండి. పూసిన వెంటనే శ్లాబు బూడిద రంగులోనే కనిపిస్తుంది. ఇదేమిటి, తెల్లగా రాలేదని కంగారుపడి మందంగా దట్టించకండి. సున్నం ఆరేకొద్దీ తెల్లబడుతుంది. మందంగా వేసిన పూత ఎండకు చేప పొలుసుల్లా చిట్లుతుంది.

మర్నాడు సాయంత్రం రెండో పూత, మొదటిదానికి అడ్డంగా. మూడో రోజు మూడోది. మధ్యలోనూ, చివరి పూత తర్వాత రెండు రోజులూ పొద్దున సాయంత్రం మొక్కలకు చిలకరించినట్టు సన్నటి నీటి జల్లు కొట్టండి. బకెట్టుతో కుమ్మరిస్తే సున్నం కొట్టుకుపోతుంది. వారం దాకా మిద్దె మీద బట్టలు, వడియాలు, మిరపకాయలు ఏవీ ఆరబోయకండి. ఆ తెలుపు మీద మధ్యాహ్నం పని చేయాల్సి వస్తే నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. పక్కన మీకన్నా ఎత్తయిన ఇల్లుంటే ఆ ఇంటివాళ్లకు ముందే ఒక మాట చెప్పండి, వెలుతురు వాళ్ల కిటికీలో పడుతుంది.

నల్ల ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకుకు సున్నం పట్టదు. దానికి తెల్ల గుడ్డో, కొబ్బరాకు తడికో చుట్టండి. మధ్యాహ్నం కొళాయి నీళ్లతో చేతులు కాలడం తగ్గుతుంది.

పని చేసిందో లేదో చూడటం

మధ్యాహ్నం రెండింటికి వట్టి కాళ్లతో నిలబడి చూడండి. తెల్ల మిద్దె మీద నిలబడగలరు, పక్కింటి నల్ల మిద్దె మీద నిలబడలేరు. అంకె కావాలంటే మూల ఒక చాపంత జాగా పూయకుండా వదిలి, గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రెండింటినీ కొలవండి. అసలు చూడాల్సింది రాత్రి ఎనిమిదింటికి సీలింగు ఎంత వేడిగా ఉందన్నది. గది గాలిలో రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గితే పని బాగా కుదిరినట్టు. పడమటి గోడకు నేరుగా ఎండ కొట్టే ఇంట్లో అంత తేడా రాదు. ఆ గోడకు బయటి వైపున వెదురు తడికలు దించాలి. లోపల కట్టిన తెర వేడిని గదిలోకి రానిచ్చాక ఆపినట్టవుతుంది.

ఇన్ని మిద్దెలు తెల్లబడితే భూమి చల్లబడుతుందా అని అడిగేవాళ్లుంటారు. అమెరికాలోని బర్క్‌లీ పరిశోధనశాలలో ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్, హాషెం అక్బరీ, సురభి మీనన్ 2009లో వేసిన లెక్కలో 1000 చదరపు అడుగుల నల్ల కప్పును తెల్లగా మారిస్తే 10 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వల్ల పెరిగే వేడిని సరిపెట్టినట్టే అని తేలింది. అది ఏటేటా కాదు, ఒక్కసారికే, అదీ తెలుపు నిలిచినంత కాలమే. ఆ లెక్కను ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఊరు చల్లబడుతుందన్న మాటలో మాత్రం పేచీ లేదు. తెలంగాణ 2023లో కప్పుల కోసమే ఒక విధానం తెచ్చి, 2028కి 300 చదరపు కిలోమీటర్లు చల్లటి కప్పులు కావాలని లక్ష్యం పెట్టుకుంది. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో బేరియం సల్ఫేటుతో చేసిన పెయింటు ఎండలో 98 శాతం తిప్పికొట్టింది. అంతకుముందు ఏడు వాళ్లే చేసిన పెయింటులో ఉన్నది కాల్షియం కార్బొనేటు, అంటే మీ మిద్దె మీద బిగిసిన సున్నమే.

ఆకాశంలో గంధకపు ధూళి చల్లి ఎండకు అడ్డం పెట్టాలన్న ఆలోచన ఇంకొకటుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం ఆ పని చేసి చూపించింది, భూమి ఏడాది పాటు దాదాపు అర డిగ్రీ చల్లబడింది. ఆ మరుసటి ఏడు నేల మీద వానలూ తగ్గాయి. వానకాలం మీద బతికే దేశం దాని జోలికి పోకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

కిటికీలు, ఫ్యాన్లు

చెన్నైలో పొద్దున వీచేది పడమటి గాలి, పొడిగా వేడిగా ఉంటుంది. మధ్యాహ్నం ఎప్పుడో సముద్రపు గాలి తిరుగుతుంది. సముద్రం దగ్గరి మైలాపూరు వైపు ముందు వస్తుంది, లోపలికి ఉన్న అంబత్తూరు, పూనమల్లి వైపు ఆలస్యంగా చేరుతుంది. గాలి తిరిగేదాకా కిటికీలు మూసి, తిరిగాక తూర్పు కిటికీ, దానికి ఎదురు కిటికీ రెండూ తెరవండి. ఒక్కటే తెరిస్తే గాలి గదిలోకి రాదు. వట్టివేళ్ల తడికలు తడిపితే హాయిగా ఉండేది ఆ పడమటి పొడిగాలిలోనే. సముద్రపు గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, తడిక ఆరదు, గది ఉక్కపోస్తుంది. నీళ్ల కూలరు సంగతీ అంతే. హైదరాబాదులో పనిచేసింది కదా అని ఇక్కడికి మోసుకురాకండి.

ఏసీలో గ్యాసు

ఏసీ ఉంటే 26లో పెట్టి ఫ్యాను కూడా వేసుకోండి. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది. ఇంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. ‘సార్, గ్యాసు అయిపోయింది, ప్రతి ఏడూ ఎక్కించాల’ అని మెకానిక్కు అంటే ఒప్పుకోకండి. గ్యాసు స్కూటరులో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే కారుతోందన్నమాట. ఏసీల్లో వాడే ఆర్-32 అనే గ్యాసు ఒక కిలో గాలిలో కలిస్తే 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మరో ఏసీ గ్యాసు ఆర్-410ఏ అయితే రెండు టన్నులు దాటుతుంది. మిద్దె తెల్లబరచి తెచ్చిన లాభాన్ని ఇలా ఏటా కొంత పారబోసుకున్నట్టు.

మెకానిక్కు నాలుగు పనులు చేయాలి: నైట్రోజన్ ఒత్తిడి పెట్టి సబ్బు నురగతో కారుతున్న చోటు కనిపెట్టడం, ఆ జాయింటు బాగుచేయడం, వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ లాగేయడం, ఆ తర్వాత తూకం వేసి గ్యాసు నింపడం. బీచి దగ్గరి ఇళ్లలో ఉప్పు గాలికి బయటి యూనిట్ కాయిల్ తిని చిల్లులు పడుతుంది. నెలకొకసారి మంచి నీళ్లతో మెల్లగా కడిగితే కొన్నేళ్లు ఎక్కువ వస్తుంది. ఆర్-32 కొద్దిగా, ప్రొపేను అయిన ఆర్-290 బాగా మండే వాయువులు. వాటి యూనిట్‌లో వేరే గ్యాసు కలపనివ్వకండి.

పని చేసే మనిషి

సున్నం వేయడానికి మనిషిని పెట్టుకుంటే పదింటి నుంచి నాలుగింటి దాకా మిద్దె ఎక్కించకండి. ఉక్కలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. దాహం వేయకముందే ఉప్పేసిన పల్చటి మజ్జిగో, రాగి అంబలో ఇవ్వండి. ఓఆర్ఎస్ పొట్లం ఉంటే దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, పెద్ద పొట్లమైతే లీటరు. మనిషి తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేయండి. నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు.

అక్టోబరులో

సున్నం పూత ఒక ఎండాకాలం గట్టిగా నిలుస్తుంది, ఈశాన్య వానలకు సగం కొట్టుకుపోతుంది. గొట్టాలకు కుక్కిన గుడ్డలు మార్చిలో పూత గట్టిపడగానే తీసేసి ఉండాలి. ఇప్పటికీ అలాగే ఉంటే మొదటి వానకే మిద్దె చెరువవుతుంది. మొదటి రెండు మూడు వానల నీళ్లు సంపులోకి కాకుండా కాలువలోకి పోయేలా వాల్వు తిప్పండి. నీళ్లు తేటగా వస్తున్నాయని చూసుకున్నాకే బావికి మళ్లించండి. జనవరిలో మళ్లీ మిద్దె ఎక్కి అరచేత్తో రుద్ది చూడండి. పొడి అంటకుండా తెల్లగా ఉన్న చోట ఒక్క పూత చాలు. బూడిద రంగు తేలిన చోట మూడూ వేయాలి.